పెద్ద ఇల్లు విడిచి చిన్న వాటాలోకి: ఓపిక ఉన్న పెద్దవారి ఆరోగ్యం

తుంటి ఎముక విరిగి మా వార్డులో చేరే పెద్దవారి వివరాలు రాసుకునేటప్పుడు నేను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను. "ఈ మధ్య ఇల్లు మారారా?" అని. "అవును సిస్టర్, ఇంకా నెల కూడా కాలేదు" అనే జవాబు నాకు కొత్త కాదు.

పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఊళ్లోని పెంకుటిల్లు ఇద్దరికీ పెద్దదైపోతుంది. ఊడవలేరు, వానాకాలంలో పెంకులు సర్దించలేరు. అందుకని టౌనులో రెండు గదుల వాటాలోకో, అపార్టుమెంటులోకో మారుస్తారు. ఈ నిర్ణయం తప్పు కాదు. ఆస్పత్రి దగ్గరవుతుంది, పిల్లలు వచ్చిపోవడం సులువవుతుంది. అయితే మంచాన పడ్డవారిని మార్చేటప్పుడు అందరూ జాగ్రత్త పడతారు గాని, ఓపికగా తిరిగేవారి విషయంలో ఎవరూ ఆలోచించరు. "మా నాన్నకేమండీ, ఇంకా సైకిలు తొక్కుతారు" అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా అలాంటి అమ్మానాన్నలు ఉన్నవారి కోసమే.

నలభై ఏళ్లు ఉన్న ఇంట్లో కాళ్లకు దారి తెలుసు. చీకట్లో లేచినా గడప ఎక్కడుందో, స్తంభం ఎక్కడుందో పాదానికే తెలుస్తుంది. కొత్త ఇంట్లో కాలికి ఆ గుర్తు ఉండదు. పాత ఇంట్లో బాత్రూము కుడివైపు ఉంటే, ఇక్కడ ఎడమవైపు ఉన్నా నిద్రమత్తులో కుడివైపే తిరుగుతారు. కాబట్టి మొదటి నెల రోజులు రాత్రిపూట దారిలో జీరో బల్బు వెలుగుతూనే ఉండాలి. ఖర్చు చాలా తక్కువ. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా, మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి ఒకటి రెండు నిమిషాలు కూర్చుని లేవమని చెప్పండి. బి.పి. మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు వాడేవారికి లేవగానే రక్తపోటు తగ్గి కళ్లు తిరగవచ్చు.

ఇక సామాను సంగతి. పెద్ద ఇంటి సామానంతా చిన్న ఇంట్లో కుక్కితే నడిచే దారి ఉండదు. బీరువాకీ మంచానికీ మధ్య పక్కకు తిరిగి నడవవలసిన ఇళ్లు చూశాను. మనిషి నేరుగా, చేతులు ఊపుకుంటూ నడిచేంత దారి వదలండి. దానికి అడ్డమొచ్చేది ఎంత మంచి టేకు సామానైనా ఆ ఇంటికి పనికిరాదు. అయితే ఏది ఉంచాలో, ఏది ఇచ్చివేయాలో వారినే చెప్పనివ్వండి. వారు ఊళ్లో లేని రోజు చూసి ట్రంకుపెట్టె, రోలు, పాత కుర్చీ అమ్మేయడం వంటి పనులు దయచేసి చేయవద్దు. "ఇది ఎందుకు?" అని కాక "దీనితో రోజూ ఏం చేస్తారు?" అని అడగండి. రోజూ చేతికి తగిలే వస్తువు వెంట రావాలి. అటక మీద ఉండిపోయేది అవసరం లేదు.

కూర్చోబెట్టి చూసుకోవడం

గోదావరి లంకల వైపు నుండి మా ఆస్పత్రికి వచ్చే ఒక జంట ఉన్నారు. ఆయన రిటైరైన మాస్టారు, షుగరు ఉంది. ఆవిడకు గేదె, పెరడు, కూరపాదులే లోకం. టౌనులో మేడమీద రెండు గదుల వాటాలోకి మారిన నాలుగు నెలలకు మాస్టారి షుగరు పెరిగింది. అదే మాత్ర, అదే భోజనం. ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. "ఏ పనీ చెప్పడం లేదు సిస్టర్, ఇద్దరినీ కూర్చోబెట్టి చూసుకుంటున్నాం" అంది కోడలు. ఆ అమ్మాయి ప్రేమతోనే చెప్పింది. వచ్చిన చిక్కంతా ఆ కూర్చోబెట్టడంలోనే ఉంది.

లెక్క వేసి చూడండి. పాత ఇంట్లో మంచం నుండి పెరట్లోకి, పెరట్లో నుండి పశువుల పాకకు, అక్కడ నుండి వీధి అరుగుకు రోజుకు ఎన్నిసార్లు తిరిగేవారో. దానిని ఎవరూ వ్యాయామం అనలేదు గాని, కండరాన్ని, షుగరును అదుపులో ఉంచింది అదే. చిన్న ఇంట్లో అన్నీ పది అడుగుల్లో ఉంటాయి. సౌకర్యమే, కాని ఒంటికి పని లేకుండా పోతుంది. వాడని కండరం త్వరగా కరుగుతుంది. కాళ్లలో బలం తగ్గితే తూలడం, తూలితే పడడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక వంటిది చేయాలి. వారానికి కనీసం 3 రోజులు బలాన్ని, నిలకడను పెంచే కదలికలు కూడా ఉండాలి. దానికి జిమ్ము అక్కర్లేదు. గట్టి కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవడం, వంటగట్టు పట్టుకుని ఒక్కో కాలి మీద కాసేపు నిలబడడం చాలు. గుండె జబ్బు ఉన్నవారు, ఆపరేషను అయినవారు డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టాలి.

మాస్టారి ఇంట్లో ఏం చేశారంటే, ఉదయం పాలు తేవడం, మనవరాలిని ఆటో ఎక్కించి రావడం ఆయన పని అయింది. ఆవిడకు ఇంటివారిని అడిగి డాబా మీద నాలుగు కుండీలు పెట్టించారు. గోంగూర, పచ్చిమిరప వేసింది. ఎండాకాలం వడియాలూ అక్కడే. తరువాతి చెకప్పుకు ఆయన షుగరు దిగింది. ఆవిడ మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు గాని మెట్లు దిగి వస్తోంది. ఉన్నట్టుండి ఎక్కువ నడక, మేడమెట్లు మొదలైతే షుగరు బాగా పడిపోవడమూ ఉంది, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారికి. ఇల్లు మారిన సంగతి, రోజువారీ పని మారిన సంగతి డాక్టరు గారికి చెప్పండి. మందు మోతాదు మీరే మార్చవద్దు.

ఇంకో మాట. పాత ఇంట్లో ఆయన అరుగు మీద, ఆవిడ పెరట్లో. భోజనానికి మాత్రం ఎదురుపడేవారు. ఇప్పుడు రోజంతా ఒకే గది, ఒకే టీవీ. చిన్న మాటకు చిరాకు వస్తుంది. "ఇన్నేళ్ల కాపురంలో లేనిది ఇప్పుడేమిటి" అని పిల్లలు కంగారుపడతారు. కంగారు అక్కర్లేదు. ఇద్దరికీ చెరో చోటు చూపించండి, కిటికీ పక్కన ఒక కుర్చీ అయినా సరే. రోజులో కొంతసేపు వేరువేరుగా బయటికి వెళ్లే పని ఉండేలా చూడండి. టీవీ గొంతు పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు పోట్లాడుతుంటే చెవులు పరీక్ష చేయించండి. అది కోపం కాకపోవచ్చు, వినికిడి తగ్గి ఉండవచ్చు.

బాత్రూము

ఇక్కడ మొహమాటం వద్దు. గోడకు మేకుల మీద వేలాడే తువాలు కడ్డీ మనిషి బరువు ఆపదు. గోడలో గట్టిగా బిగించిన పిడి కావాలి, ఒకటి కమోడు పక్కన, ఒకటి స్నానం చేసేచోట. నేల నున్నటి టైల్సు అయితే జారని రబ్బరు చాప వేయండి. పాత గుడ్డ వేయడం ఇంకా ప్రమాదం. గడియ అవసరమైతే బయట నుండి తీయగలిగేది పెట్టించండి. లోపల పడిన మనిషి తలుపుకే అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు తీయలేము. వీలైతే తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి.

చిన్న ఇళ్లలో నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచుతారు. వాటికి గట్టి మూత ఉండాలి. వారానికి ఒకసారి ఖాళీ చేసి లోపలి అంచులు రుద్ది కడగాలి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూటే కుడుతుంది. డాబా మీది కుండీల కింద పళ్లేలకు కూడా ఇదే మాట.

మతిమరుపు బయటపడితే

పాత ఇంట్లో అలవాటు చాలా లోపాలను కప్పిపుచ్చుతుంది. ఇల్లు మారాక "స్విచ్చు ఎక్కడ?" అని అడగడం మొదట్లో మామూలే. కొన్ని వారాలు గడిచినా వంటగది దారి తప్పుతుంటే, స్టవ్వు ఆర్పడం మరచిపోతుంటే, వాయిదా వేయకుండా పరీక్షకు తీసుకురండి. ఇల్లు మారడం వల్ల వచ్చిందని అనుకోవద్దు. ముందే ఉన్నది ఇప్పుడు కనబడి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడి పొంతన లేకుండా మాట్లాడితే అది వేరు. మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఒంట్లో సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, మందు పడకపోవడం ఏదైనా కావచ్చు. ఆరోజే తీసుకురావాలి.

ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించండి. తలుపు నంబరు, ఎన్నో అంతస్తు, దగ్గరలోని గుర్తు అన్నీ ఉండాలి. 108కి ఫోను చేసిన ఆవిడ "పాత ఊళ్లో అయితే చెప్పగలను బాబూ" అంటే అంబులెన్సు ఎక్కడికి రావాలి? అదే కాగితం ఇంకొకటి, మీ ఫోను నంబరుతో సహా, ఆయన చొక్కా జేబులో ఉండాలి. మొదటి వారం సాయంత్రాలు మీరు వెంట నడిచి మందుల షాపు, పాల బూతు, కూర్చోవడానికి నీడ ఉన్న చోటు చూపించండి. రెండో వారం వారిని ముందు నడవనిచ్చి మీరు వెనక నడవండి.