ఎదురుమాట వచ్చినప్పుడు



గర్భిణీ స్త్రీల ఓపీలో మేము తరచూ వినే మాట ఒకటుంది: "ఐరన్ గోలీలు వద్దు సిస్టరమ్మా, పిల్ల నల్లగ పుడతది." ఒకసారి ఒక అత్తగారు ఇలా అన్నప్పుడు మేము అందరి ముందు మందలించాము. ఆమె మారు మాట్లాడలేదు. కోడలు తల ఊపి మాత్రలు తీసుకొని వెళ్లింది. మరుసటి నెల పరీక్షలో హిమోగ్లోబిన్ ఇంకా తగ్గింది. మాత్రలు విప్పకుండా సంచిలోనే ఉన్నాయి.

ఈసారి ఆమెను కూర్చోబెట్టి, "ఎందుకు భయం అమ్మా?" అని అడిగాము. "మా బిడ్డ కడుపుతోని ఉన్నప్పుడు గోలీలు మింగితే దొడ్డికి నల్లగ అయింది. లోపలి పిల్ల గూడ అట్లనే అయితదనుకున్న" అన్నది. ఐరన్ వలన మలం నల్లబడడం మామూలేననీ, బిడ్డ రంగు దానితో మారదనీ చెప్పాము. ఆ రాత్రి నుండి కోడలికి మాత్ర ఇచ్చినది ఆ అత్తగారే.

ఆ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండే ఫోలిక్ ఆసిడ్ వెనుక ఒక తెలుగువారి కృషి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు, గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను ధరించారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. సుబ్బారావుగారు పగతో కాలం గడపలేదు. అమెరికా వెళ్లి పరిశోధనలో మునిగిపోయారు. 1945లో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది.

ఎదురుమాట వచ్చినప్పుడు పరీక్ష ముఖ్యంగా పెద్దరికం ఉన్నవారికే. ఆ ప్రొఫెసరు గౌనును చూశారు, విద్యార్థిని చూడలేదు. మేము మూఢనమ్మకాన్ని చూశాము, భయపడిన తల్లిని చూడలేదు. ఇంట్లో అత్తమామలకు, తల్లిదండ్రులకు కూడా ఇదే పరీక్ష.

గుర్తుంచుకోవలసినవి:

1. ఎవరైనా కాదంటే, కోపపడే ముందు కారణం అడగండి.

2. మందు ఇష్టం లేకపోతే తల ఊపి వెళ్లకండి. సందేహం అక్కడే చెప్పండి. వేసుకోకపోతే దాచకండి.

3. ఐరన్ మాత్రను టీ, కాఫీ, పాలతో కాక నీళ్లతో మింగండి. వికారం ఉంటే భోజనం తరువాత వేసుకోండి. మానేయకుండా మాకు చెప్పండి.

మీరు కాదన్నా వింటాము. వినకపోతే మాకు గుర్తుచేయండి.