ఎండకాలం పూలకు లిల్లీ దుంపలు ఇప్పుడే

ఐరిస్ కుటుంబపు పూలలో మన రైతులకు తెలిసింది గ్లాడియోలస్. అది చలికాలపు పంట, ఖమ్మం ఎండలకు తట్టుకోలేదు. ఎండల్లో పూసి, ఏళ్ల తరబడి నిలిచే దుంప మొక్క కావాలంటే లిల్లీయే, అదే నేల సంపెంగ. ఫిబ్రవరి చివర నాటితే 80 నుంచి 100 రోజుల్లో పూల కాడ వేస్తుంది. బాగా చూసుకుంటే మూడేళ్లు పూస్తుంది, వచ్చే ఏడు భద్రాద్రి శ్రీరామనవమికీ తోట చేతిలో ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం నేల. దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు ఏటి ఒడ్డు పొలాల్లో దయచేసి వేయకండి. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు; 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. అంత వరద రాకపోయినా సరే, మడిలో రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. అడవి అంచున కాస్త వాలుగా ఉన్న ఎర్ర చెల్క, పక్కన బోరు ఉంటే అంతకు మించింది లేదు. నల్లరేగడి అయితే బోదెలు ఎత్తుగా కట్టి నాటాలి.

టమాటా, వంగ, బెండ తీసిన మడిని ఎంచుకునే ముందు ఆ పాత మొక్క ఒకటి పీకి వేళ్లు చూడండి. కణుపులు కణుపులుగా ఉబ్బి ఉంటే నులిపురుగు ఉన్నట్టే. ఆ మడిలో ఈ ఏడు బంతి వేసి, లిల్లీ మరోచోట పెట్టుకోండి. దుక్కిలో మాగిన పశువుల ఎరువుతో పాటు వేపపిండి కలపడం మానొద్దు.

పూలు విడిగా అమ్మేవారికి ఒంటి రెక్క రకం ప్రజ్వల్, కాడలతో అమ్మేవారికి ముద్ద రకం సువాసిని మంచివి. రెండూ బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థవే. తవ్విన దుంపను వెంటనే నాటొద్దు, నెల రోజులు నీడలో ఆరనివ్వాలి. రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల లావున్న గట్టి దుంపలే ఏరుకోండి. పిల్ల దుంపలు నాటితే ఆకే గానీ పూవు ఆలస్యం. సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు, లోతు ఐదు చాలు. తొలి తడి తర్వాత మొలక కనిపించేదాకా నీళ్లు పొదుపుగా ఇవ్వాలి.

వానల్లో మొదలు దగ్గర తెల్లటి బూజు, దానిలో ఆవగింజల్లాంటి గోధుమ రంగు గుళికలు కనిపిస్తే మొదలుకుళ్లు. ఆ మొక్కను మట్టితో సహా తీసి కాల్చేయాలి, పక్క మొక్కల మొదళ్లకు ట్రైకోడెర్మా వేయాలి. దండ పూలు తెల్లవారుజామునే, మొగ్గ విచ్చకముందే కోసి, తడి గోనె కప్పి మార్కెట్‌కు పంపండి.