పదేళ్లకు పైగా నోటిఫికేషన్ రాని కొలువు

డీఎస్సీ కోసం, గ్రూప్స్ కోసం ఏళ్లకు ఏళ్లు కళ్లు కాయలు కాసేలా చూడటం కర్నూలు కుర్రాళ్లకు కొత్త కాదు. కానీ అదే ఊళ్లో ఒక కొలువుకు పదేళ్లు దాటినా నోటిఫికేషన్ రాలేదు. అది కార్పొరేటర్ కొలువు. 2005లో ఎన్నికైన కర్నూలు నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2014లో కడప, అనంతపురం, చిత్తూరు ఓట్లేసుకున్నాయి కానీ కర్నూలుకు ఆ యోగం పట్టలేదు. 2020 మార్చిలో నామినేషన్లు పడ్డాయో లేదో, కరోనా వచ్చి ఎన్నిక ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చివరికి పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. 14న ఫలితాలొచ్చాయి, 18న మేయరు కుర్చీ ఎక్కారు. అన్నేళ్లూ ప్రత్యేకాధికారుల పాలనే. 2010లో 'ఈసారి మా డివిజన్‌లో నేనే నిలబడతా' అని తొడగొట్టిన ముప్ఫయ్యేళ్ల మనిషి పోలింగు నాటికి నలభై దాటేశాడు.

'మేయర్ కావాలంటే ఏం చదవాలి?' అని అడిగే పిల్లలకు నేను ముందు ఈ సంగతే చెబుతాను. భయపెట్టడానికి కాదు. ఈ దారిలో కాలం మీ చేతిలో ఉండదు, కాబట్టి చేతిలో మరో బతుకుతెరువు ఉండి తీరాలి. కార్పొరేటర్‌కు ఇచ్చే గౌరవ వేతనం పేరుకు తగ్గట్టు గౌరవం కోసమే, దాంతో ఇల్లు గడవదు. వకీలు పనో, మందుల షాపో, ట్యూషన్ సెంటరో, ఎల్‌ఐసీ ఏజెన్సీయో ఉండాలి. అందులోనూ నలుగురూ వచ్చిపోయే పనైతే రెండు విధాలా మేలు. ఆ ఆధారం లేకుండా దిగినవాడు రెండో ఏడాదికి కాంట్రాక్టరు ఇచ్చే కవరు కోసం చూస్తాడు. అక్కడితో మనిషి అయిపోయినట్టే.

ఇక అర్హతల సంగతి. డిగ్రీ అక్కర్లేదు. ఇరవై ఒక్కేళ్లు నిండాలి, ఆ నగర ఓటర్ల జాబితాలో పేరుండాలి, కార్పొరేషన్‌కు పన్ను బకాయి ఉండకూడదు. ఇంటిపన్ను బాకీతో నామినేషన్ పోగొట్టుకోవడంకన్నా నగుబాటు ఇంకొకటి లేదు. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న పాత నిబంధన 2024 నవంబరులో అసెంబ్లీ చేసిన సవరణతో పోయింది. ఎన్నికల ఖర్చు లెక్కలు మాత్రం గడువులోగా ఇవ్వాల్సిందే. గెలిచినవాళ్లు గెలిచిన సంబరంలో, ఓడినవాళ్లు ఓడిన దుఃఖంలో దీన్ని మరిచిపోతుంటారు. తర్వాత ఎన్నికకు అనర్హత నోటీసు చేతికొచ్చినప్పుడు గాని గుర్తురాదు.

చాలామంది తికమకపడేది మేయర్ ఎన్నిక దగ్గర. మన దగ్గర జనం ఓటేసేది కార్పొరేటర్‌కే. కర్నూలులో 52 డివిజన్లు, కడపలో 50. గెలిచిన కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. పార్టీ విప్ ఉంటుంది, ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. అంటే ఆ రోజు ఎత్తే చేయి కార్పొరేటర్‌దే గాని, ఎవరికోసం ఎత్తాలో పార్టీ ముందే తేల్చేసి ఉంటుంది. పైగా మేయర్ పదవికి రిజర్వేషన్ మారుతూ ఉంటుంది. ఈసారి బీసీకి వచ్చిన కుర్చీ వచ్చేసారి మహిళకు రావచ్చు. డివిజన్లలో సగం మహిళలవే. కాబట్టి 'మేయర్ అవుతా' అని ప్రణాళిక వేసుకోవడం లాటరీ టికెట్టు కొని ఇంటికి పునాది తీసినట్టు. 'కార్పొరేటర్ అవుతా' అనుకోవడంలో అర్థం ఉంది. దానికి సిద్ధపడవచ్చు, నేర్చుకోవచ్చు, మీ ప్రయత్నానికి విలువ ఉంటుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? మీ వీధి కుళాయి దగ్గర. ఎండాకాలం కర్నూలు పాతబస్తీలోనో, కడప శివారు కాలనీలోనో తిరిగి చూడండి. ఎవరిని పలకరించినా ఒకటే మాట, 'అన్నా, నీళ్లు ఎప్పుడిడుస్తారు?' దీనికి జవాబు చెప్పగలిగినవాడే ఆ వీధికి నాయకుడు. జవాబు చెప్పాలంటే తుంగభద్ర మీద సుంకేసుల బ్యారేజీలో నీళ్లెన్ని ఉన్నాయి, అక్కడినుంచి ఊరి ట్యాంకుకు ఎలా వస్తాయి, ఏ ట్యాంకు ఏ కాలనీలకు, వాల్వు ఎక్కడ, దాన్ని తిప్పే మనిషి డ్యూటీ ఎప్పుడు దిగుతాడు, ఇవన్నీ తెలియాలి. ఈ సిలబస్ ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. కర్నూలును, కడపను కలిపే కేసీ కాలువ కూడా ఆ సుంకేసుల దగ్గరే పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ సాగునీటికి, పడవలు నడపడానికి అని తవ్వించి, గిట్టుబాటు కాక 1882లో సర్కారుకు అమ్మేసింది. ఈ సీమలో నీళ్ల సంగతి లెక్కగట్టకుండా దిగితే కంపెనీలే మునిగాయి, ఇక రాజకీయ నాయకుడెంత!

కడపకు దాహంతో పాటు వరద భయం కూడా ఉంది. 2001లో బుగ్గవంక పొంగి నడి ఊళ్లోకొచ్చిన రాత్రి అక్కడి పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. కర్నూలుకు 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచాయి. ఆ వరద కాలానికి కర్నూలులో పాలకవర్గం ఉంది, గడువు ముగియడానికి ఏడాదే మిగిలింది. తర్వాత ముంపు కాలనీలను మళ్లీ నిలబెట్టాల్సిన పదేళ్లలో మాత్రం 'మా కార్పొరేటర్ ఎవరు?' అని అడిగితే చెప్పడానికి పేరు లేదు. వరద దారికి అడ్డంగా కాలువ మీద ఇల్లు కట్టించినవాడెవరో, కట్టనిచ్చిన అధికారి ఎవరో తెలిసి కూడా నోరు విప్పగలగడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పేపరు. ఆక్రమణదారుల్లో మీ ఓటర్లూ ఉంటారు మరి.

మేయర్‌కు ఉండే అధికారం గురించి కూడా భ్రమలు వద్దు. లండన్‌లో 2000 నుంచి మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు, ఆ మేయర్ చేతిలో బస్సులు, రైళ్ల పాలన ఉంటుంది. మన దగ్గర కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. మేయర్ కౌన్సిల్‌కు అధ్యక్షుడు. ఎజెండాలోకి ఏది రావాలి, ఏది వెనక్కి పోవాలి, ఏ తీర్మానం ఆగాలి, బలమంతా ఇక్కడే. స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ మంజూరు లేకుండా పెద్ద పనులు కదలవు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు పట్టణ సంస్థలకని రాసిపెట్టారు. రాసిందెంత, చేతికొచ్చిందెంత అన్న తేడాను గెలిచాక మొదటి మూడు నెలల్లోనే ప్రతి మేయరూ తెలుసుకుంటారు.

పక్కనే ఎమ్మెల్యే ఉంటారు. 2024 చివర్లో కడప కౌన్సిల్ సమావేశంలో వేదిక మీద ఎమ్మెల్యే మాధవి రెడ్డికి కుర్చీ వేయలేదని పెద్ద గొడవ జరిగింది. చూసేవాళ్లకు అది కుర్చీ తగాదా. లోపల ఉన్నవాళ్లకు తెలుసు, ఆ ఊరి పనుల మీద ఆఖరి మాట ఎవరిదన్నదే అసలు తగాదా అని. రాష్ట్రంలో ఒక పార్టీ, నగరంలో మరో పార్టీ ఉన్న ప్రతిచోటా ఇది తప్పదు. విశాఖలో 2025 ఏప్రిల్‌లో మేయర్ హరి వెంకటకుమారి అవిశ్వాసంలో పదవి కోల్పోయారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారి ఏడాది తిరక్కుండానే.

కడపలో ఇంకో తీరు చూశాం. 2014లో, మళ్లీ 2021లో మేయరైన కె. సురేష్ బాబును 2025 మేలో తొలగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కుటుంబ సభ్యుల సంస్థకు కార్పొరేషన్ పనులు దక్కాయన్నది ఆరోపణ. ఆయన హైకోర్టుకు వెళ్లారు. తప్పొప్పులు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మీరు గుర్తుపెట్టుకోవాల్సిందొకటే: కార్పొరేషన్‌తో కాంట్రాక్టు సంబంధం సభ్యత్వానికే ముప్పు. మీ బావమరిది టెండరు వేస్తానంటే, 'బావా, నా పదవున్నంతకాలం వద్దబ్బా' అని చెప్పగలరా? పండక్కి ఇంటికి పిలవకపోయినా తట్టుకోగలరా? ఈ ప్రశ్న ఇప్పుడే వేసుకోండి.

ఈ కుర్చీ నుంచి పైకి దారి ఉందా అంటే ఉంది, కానీ హామీ లేదు. కడప 2004లో కార్పొరేషన్ అయ్యాక తొలి మేయరైన పి. రవీంద్రనాథ్ రెడ్డి కమలాపురం నుంచి 2014, 2019లలో ఎమ్మెల్యేగా గెలిచి 2024లో ఓడారు. కర్నూలు మేయర్ బి.వై. రామయ్య 2024లో లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. ఇంకా వెనక్కి వెళితే, కర్నూలు జిల్లా పరిషత్ చైర్మన్‌గా పనిచేసిన కోట్ల విజయభాస్కరరెడ్డి రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. వీళ్లలో కొందరికి ఇంటిపేరే సగం పెట్టుబడి, దాచడానికేముంది. కానీ కార్మిక సంఘాల్లో తిరిగి పేరు తెచ్చుకున్న ఎం.ఎ. గఫూర్‌ను సీపీఎం తరఫున ఇదే కర్నూలు 1994లో, 2004లో అసెంబ్లీకి పంపింది. అలాంటి దారి ఇరుకైపోయింది, మూసుకుపోలేదు.

ఇంట్లో అమ్మ అడిగే ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. సీమ రాజకీయం అంటే ఆమెకు ముందు గుర్తొచ్చేది ఫ్యాక్షన్. 2015 నవంబరు 17న చిత్తూరు మేయర్ కఠారి అనురాధను కార్పొరేషన్ ఆఫీసులోనే చంపారు, ఆమె భర్తనూ బలిగొన్నారు. అవతల ఏకగ్రీవాలు. 2021లో పులివెందుల మున్సిపాలిటీలో 33 వార్డులకు 33 పోటీ లేకుండానే తేలిపోయాయి. మీ డివిజన్‌లో నామినేషన్ వేయగలిగే వాతావరణం ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది. లేదనిపిస్తే ఆ ఏడాదికి ఆగడంలో పిరికితనమేమీ లేదు.

కాలేజీలో ఉన్నవాళ్లు ఇప్పుడేం చేయాలి? రాయలసీమ యూనివర్సిటీలోనో, యోగి వేమన యూనివర్సిటీలోనో రాజనీతి శాస్త్రం చదివితే మంచిదే, లా చదివితే ఇంకా మంచిది. అంతకన్నా ముందు కార్పొరేషన్ బడ్జెట్ కాపీ ఒకటి సంపాదించండి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ డివిజన్‌కు ఏ పద్దు కింద ఎంత చూపించారో, ఆ రోడ్డు నిజంగా పడిందో లేదో వెళ్లి చూడండి. సోమవారం గ్రీవెన్స్‌కు మీ వీధి ముసలమ్మ పింఛను అర్జీ పట్టుకుని వెళ్లండి, నాలుగు వారాలు వరసగా. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో అప్పుడు తెలుస్తుంది. పాతబస్తీలో, కడపలో దక్కనీ ఉర్దూ రాకపోతే సగం ఊరితో మీకు మాట ఉండదు. ఆదోని వైపైతే కన్నడం కూడా. చిన్న ఎన్నికలను చిన్నచూపు చూడకండి. స్కూలు తల్లిదండ్రుల కమిటీ, కాలువ కింద నీటి సంఘం, అపార్ట్‌మెంటు సంఘం, ఇవన్నీ ఓట్లడగడం, ఓడినా పలకరించడం నేర్పే బళ్లే. అమ్మాయిలకైతే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల సమాఖ్యను మించిన శిక్షణ లేదు. వీధిలో ఏ ఇంట్లో ఏ అప్పుందో, ఏ గొడవుందో సంఘాల రిజిస్టర్లు చూసే రిసోర్స్ పర్సన్‌కు (ఆర్‌పీకి) తెలిసినంతగా ఎమ్మెల్యేకి కూడా తెలియదు. సీటు మహిళకు రిజర్వయితే భార్య పేరు పెట్టి భర్త తిరిగే ఊళ్లలో ఈ ఆర్‌పీ అక్కలే మాటకు మాట చెప్పగలరు.

ఎన్నికలే వద్దు, ఊరి పని మాత్రం ఇష్టం అనేవాళ్లకు పక్కదారులున్నాయి. వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్, శానిటేషన్, ప్లానింగ్ కార్యదర్శులు ఉంటారు. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో మూడో గ్రేడు, గ్రూప్-1లో రెండో గ్రేడు మున్సిపల్ కమిషనర్ పోస్టులుంటాయి. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వారి ల్యాంప్ ఫెలోషిప్‌లో చేరితే దాదాపు ఏడాదిపాటు ఒక ఎంపీ దగ్గర చట్టాల పని నేర్చుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి మాత్రం పోటీ కుదరదు, రాజీనామా చేసి రావాలి. అలా రావడమూ తక్కువేం కాదు. మన తెలుగమ్మాయి అరుణా మిల్లర్ అమెరికాలో ఒక కౌంటీ రవాణా ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేసి, ఎన్నికల్లోకి దిగి 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. రోడ్డు ఎలా వేస్తారో తెలిసిన మనిషి రోడ్డు గురించి మాట్లాడితే ఆ లెక్కే వేరు.

2021 మార్చిలో కూర్చున్న కౌన్సిళ్లకు చట్టం ఇచ్చింది ఐదేళ్లు. తర్వాతి ఎన్నిక ఎప్పుడన్నది కర్నూలు అనుభవం చూశాక ఎవరూ పందెం కాయరు. ఈలోగా ఒక పని ఉంది. బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగం వెతుక్కుంటూ చాలామంది ఓటు అక్కడికి మార్చుకున్నారు. మీది ఎక్కడుందో ఈ రాత్రే ఫోన్లో చూడండి. అక్కడ ఉంటే ఫారం-8, అసలు లేకపోతే ఫారం-6.