శాలువా అల్లుదాం

పిల్లలారా! గుడియాత్తంలో నేతపనివారి వీధుల్లో నడిచేటప్పుడు మగ్గాల చప్పుడు మీరు వినే ఉంటారు. అక్కడి చేనేత లుంగీలు పేరు పొందినవి. మగ్గం మీద గుడ్డ నేయాలంటే రెండు విధాల పోగులు కావాలి. నిలువుగా సాగేది పడుగు. అడ్డంగా పోయేది పేక. ఈ రెండూ కలిస్తేనే గుడ్డ అవుతుంది. కాని మగ్గం లేకుండా, ఒకే దారంతో కూడా శాలువాను తయారు చేయవచ్చు. అదే అల్లిక.

అల్లికలో ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. రెండు పొడవాటి సూదులతో అల్లేది ఒకటి. మన ఇళ్ళలో ఊలు స్వెట్టర్లు అల్లేది ఈ పద్ధతిలోనే. కొనలో కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లేది రెండవది. దీనిని క్రోషా అల్లిక అంటారు. మొదటి పద్ధతిలో ఒక వరుసలోని కన్నులన్నీ సూది మీదనే ఉంటాయి. ఒక కన్ను జారితే దాని కింది కన్నులు కూడా విడిపోతాయి. క్రోషాలో ఆ భయం తక్కువ. అందువల్ల కొత్తగా నేర్చుకునేవారికి ఇది సులభం.

మన వేలూరు ఎండలకు ప్రసిద్ధి. ఇక్కడ శాలువా ఎందుకని మీరు అడగవచ్చు. ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచే అవ్వను అడగండి, చెబుతుంది. మన చలికి ఊలు అక్కరలేదు, నూలు దారం చాలు.

అల్లే విధానం ఇది. దారం కొనను ఉచ్చుగా వేసి సూదికి తగిలించాలి. దారాన్ని కొక్కెంతో పట్టి ఉచ్చులో నుండి లాగితే ఒక కన్ను ఏర్పడుతుంది. ఇలా లాగుతూ పోతే గొలుసు తయారవుతుంది. శాలువా ఎంత వెడల్పు కావాలో గొలుసు అంత పొడవు ఉండాలి. పైన మరొక కన్ను అదనంగా వేసి వెనుకకు తిప్పాలి. సూది పక్కనున్న కన్నును విడిచి, తరువాతి కన్నులో సూదిని గుచ్చి దారాన్ని లాగాలి. ఇప్పుడు సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారాన్ని పట్టి రెండింటిలో నుండి ఒకేసారి లాగాలి. వరుస చివరిదాకా ఇదే పని. వరుస ముగియగానే ఒక గొలుసు కన్ను వేసి, తిప్పి, తరువాతి వరుస మొదలుపెట్టాలి.

కొత్తవారు సాధారణంగా చేసే తప్పు ఒకటి ఉంది. వరుస చివరి కన్నును చూడక విడిచిపెడతారు. అలా విడుస్తూ పోతే శాలువా పోనుపోను సన్నబడుతుంది. 60 కన్నులతో మొదలైన శాలువాలో ప్రతి వరుసలోనూ 60 కన్నులే ఉండాలి. కనుక వరుస వరుసకూ లెక్కపెట్టుకోవాలి. తప్పు జరిగిందా? దిగులు వద్దు. దారాన్ని లాగితే తప్పు ఉన్నంతవరకు విడిపోతుంది. దారం వృథా కాదు. మళ్ళీ అల్లుకోవచ్చు.

ఒకే పనిని నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల మనస్సు కుదుటపడుతుంది. 2013లో ప్రచురించిన ఒక పరిశీలనలో 3,545 మంది అల్లికదారులను ప్రశ్నించారు. తరచుగా అల్లేవారిలో ఎక్కువమంది, అల్లిక తమకు ప్రశాంతతను ఇస్తుందని చెప్పారు.

అయితే అల్లిక అందరికీ విశ్రాంతి కాదు. గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం క్రోషా లేసుకు పేరు పొందిన ఊరు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ పని అక్కడి స్త్రీలకు అలవడింది. ఒకరు పువ్వులు అల్లితే, మరొకరు వాటిని కలిపి కుట్టేవారు. దీనిని అతుకుపని అనేవారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది. జర్మనీకి చెందిన మారియా మీస్ ఆ స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఇంటిపనితోపాటు వారు రోజూ చాలా గంటలు అల్లేవారు. అయినా వారిని పనివారుగా లెక్కించలేదు. ఇంట్లో కూర్చున్న గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. తీరిక పని అన్నందువల్లనే కూలి కూడా తక్కువగా ఇచ్చారు. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. లేసుకు దక్కిన ఆ గౌరవం, అల్లిన చేతికి కూలి రూపంలో కూడా దక్కాలి.

ఈ మాట మన ప్రాంతానికి కూడా వర్తిస్తుంది. ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టే తల్లులను మనం చూస్తూనే ఉన్నాం. కూర్చుని చేసే పని కనుక అది శ్రమ కాదని ఎవరైనా అనగలరా?

కాబట్టి మీరు శాలువా అల్లేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు అల్లారో రాయండి. శాలువా పూర్తయిన నాడు ఆ గంటలను కూడండి. దానిని అవ్వకు ప్రేమతో కప్పండి. అక్కడ ధర మాట ఉండదు. కాని ఎప్పుడైనా ఎవరైనా అల్లిన శాలువాను కొనవలసి వస్తే, బేరమాడే ముందు మీ నోటుపుస్తకంలోని లెక్కను గుర్తుచేసుకోండి.

అభ్యాసం

1. నేతకు, అల్లికకు గల భేదం ఏమిటి?
2. శాలువా సన్నబడకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలి?
3. నరసాపురం స్త్రీలకు కూలి తక్కువగా లభించడానికి కారణమేమి?
4. సొంత వాక్యాలలో ప్రయోగించండి: కుదుటపడు, వృథా, వర్తించు.
5. మీ ఇంటిలో ఒకరు ఒక రోజు చేసిన పనులను గంటల లెక్కతో రాయండి. అందులో కూలి లభించే పనులెన్ని?