జీవితకాలమున ట్రస్టు ఏర్పాటు

శంషాబాదు చుట్టుపట్ల ఎకరముల లెక్కన చెప్పుకొనిన భూములు 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన పిదప గజముల లెక్కన అమ్ముడుపోవుచున్నవి. తండ్రి లింగైక్యమైన పిమ్మట అట్టి భూమి తోబుట్టువులను న్యాయస్థానపు మెట్లెక్కించుట అరుదు కాదు. యజమాని జీవించియుండగనే ట్రస్టు నేర్పరచుట ఇందుకొక మార్గము.

అయితే నోటిమాటతో ట్రస్టు నిలువదు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టము ప్రకారము స్థిరాస్తికి పత్రము వ్రాసి, సంతకము చేసి, రిజిస్టరు చేయింపవలెను. లేదా వీలునామాలో వ్రాయవలెను. ధర్మకర్త యెవరు, లబ్ధిదారులెవరు, ప్రయోజనమేమి, ఏ సర్వే నంబరులో ఎంత భూమి అన్నది స్పష్టముగా నుండవలెను. యజమాని తానే ధర్మకర్తగా నుండవచ్చును. పలువురు మరచునది రద్దు హక్కు. దానిని పత్రములోనే నిలుపుకొననిచో, తరువాత మనసు మారినను లబ్ధిదారులందరి సమ్మతి లేనిదే భూమి సామాన్యముగా తిరిగి రాదు.

అసలు చిక్కు పిత్రార్జితముతోనే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టియే తన పరిధిలో చేర్చినది. 2005 సవరణతో కుమార్తెకును కుమారునితో సమానముగా ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కలిగినది. కావున తండ్రి స్వార్జితమును స్వేచ్ఛగా ట్రస్టునకు వ్రాయగలడు గాని, ఉమ్మడి భూమి విషయమున ముందు భాగపంపకము జరుగవలెను. ఆడబిడ్డల నడుగక వ్రాసిన పత్రము వ్యాజ్యమునకే దారి తీయును.

మఠమునకు దాసోహార్థమై ఇచ్చు భూమి సంగతి వేరు. ధార్మిక నిధులకు 1882 చట్టము వర్తింపదు. తెలంగాణములో 1987 నాటి దేవాదాయ చట్టమును చూడవలెను. కుటుంబ పోషణకొక పత్రము, దాసోహమున కొక పత్రము వేరుగా వ్రాయించుట మేలు.