మీ ఇష్టం బ్రౌజరుకు ఎలా గుర్తుంటుంది?

ఇంటర్నెట్టు లేని కంప్యూటరులో కూడా బ్రౌజరు మనకు ఎంతో పనికి వస్తుంది. ఎక్కాల అభ్యాసం, మూలకాల ఆవర్తన పట్టిక, క్విజ్ వంటి వాటిని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా తయారుచేసి పెన్‌డ్రైవులో ఇస్తే చాలు. ఫైలు మీద రెండుసార్లు నొక్కగానే అది బ్రౌజరులో తెరుచుకుంటుంది. దానికి సర్వరు అవసరం లేదు.

అటువంటి క్విజ్ ఒకటి మీ బడి కంప్యూటరులో ఉందనుకోండి. చూపు కాస్త తక్కువగా ఉన్న విద్యార్థి ఒకడు అందులో అక్షరాలను పెద్దవిగా మార్చుకున్నాడు. మర్నాడు తెరిచినా అవి పెద్దవిగానే ఉన్నాయి. వారం తరువాత ఎవరో ఆ ఫైలును మరో ఫోల్డరులోకి మార్చారు. ఈసారి తెరిస్తే మళ్లీ చిన్న అక్షరాలే! ఫైలు అదే, కంప్యూటరు అదే, బ్రౌజరు కూడా అదే. మరి అతని ఎంపిక ఏమైంది?

పేజీ ఎందుకు మరచిపోతుంది?

పేజీ తెరిచి ఉన్నంతసేపు మనం చేసిన మార్పులు కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలో, అనగా ర్యామ్‌లో ఉంటాయి. పేజీ మూయగానే పలక తుడిచినట్లు అవి పోతాయి. రేపటికి మిగలాలంటే వాటిని డిస్కు మీద రాయాలి.

అయితే పేజీ తనంతట తానుగా డిస్కు మీద ఎక్కడ పడితే అక్కడ రాయడానికి బ్రౌజరు ఒప్పుకోదు. ఎందుకో ఆలోచించండి. మనం తెరిచే పేజీలను ఎవరెవరో తయారుచేస్తారు. తెరిచిన ప్రతి పేజీకీ మన ఫైళ్లను చదివే, చెరిపే అధికారం ఉంటే మన ఫొటోలకు, ఉత్తరాలకు రక్షణ ఏది? అందుకే బ్రౌజరు పేజీ చుట్టూ కంచె కడుతుంది. పేజీ గుర్తుంచుకోవలసినది ఏదైనా ఉంటే తానే తీసుకుని దాచిపెడుతుంది.

కుకీ నుంచి అర దాకా

ఇలా దాచే పద్ధతుల్లో మొదట పేరు పొందినది కుకీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లీ దీన్ని రూపొందించాడు. కుకీ అంటే చిన్న చీటీ వంటిది. అందులో సుమారు 4096 బైట్లు పడతాయి. బ్రౌజరు సర్వరును ఏదైనా అడిగినప్పుడల్లా ఈ చీటీని కూడా వెంట పంపుతుంది. మన క్విజ్‌కు సర్వరే లేదు గదా! పైగా డిస్కు మీది ఫైళ్ల కుకీలను కొన్ని బ్రౌజర్లు దాచవు కూడా. కనుక ఇక్కడ కుకీ తగినది కాదు.

2009, 2010 ప్రాంతాల్లో ప్రధాన బ్రౌజర్లలోకి లోకల్ స్టోరేజ్ అనే ఏర్పాటు వచ్చింది. దీన్ని బీరువాలోని అరగా ఊహించుకోండి. ఒక్కొక్క అరలో సాధారణంగా 5 మెగాబైట్ల దాకా పడుతుంది. 4096 బైట్ల కుకీలు 1280 కలిస్తే ఇంత అవుతుంది. ఇది సర్వరుకు పోదు, కంప్యూటరులోనే ఉంటుంది.

ఇందులో ప్రతి విషయాన్నీ ఒక పేరు, ఒక విలువగా దాస్తారు. ‘అక్షర పరిమాణం’ అనేది పేరైతే, ‘24’ దాని విలువ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ అర అంకెలను కూడా అక్షరాలుగానే దాస్తుంది. తిరిగి తీసిన 24కు 1 కలపమని జావాస్క్రిప్టుకు చెబితే 25 రాదు, 241 వస్తుంది! రెండు మాటలను పక్కపక్కన అతికించినట్లు అతికిస్తుందన్నమాట. అందుకే ముందు దాన్ని సంఖ్యగా మార్చుకోవాలి.

ఏ అర ఎవరిది?

ఒక వెబ్‌సైటు దాచినది మరొక వెబ్‌సైటు చూడకూడదు. అందుకని బ్రౌజరు ప్రతి సైటుకూ ఒక ‘మూలం’ గుర్తిస్తుంది. ప్రోటోకాలు, సైటు పేరు, పోర్టు సంఖ్య, ఈ మూడూ కలిస్తే మూలం. ఒక్కొక్క మూలానికి ఒక్కొక్క అర.

మన క్విజ్ చిరునామా ‘ఫైల్’ అనే మాటతో మొదలవుతుంది. అందులో సైటు పేరూ లేదు, పోర్టూ లేదు. ఉన్నదల్లా అది ఏ ఫోల్డరులో ఉందో చెప్పే దారి మాత్రమే. ఇటువంటి ఫైలుకు ఏ అర ఇవ్వాలో ప్రమాణాలు కచ్చితంగా నిర్ణయించలేదు. కాబట్టి ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క విధంగా నడుచుకోవచ్చు. ఉదాహరణకు, 2019లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 68 నుంచి ఒకే ఫోల్డరులోని రెండు ఫైళ్లను కూడా వేర్వేరు మూలాలుగా చూస్తున్నారు.

ఫైలుకు ఒక అర ఇస్తే, చోటు మారిన ఫైలు బ్రౌజరు కంటికి కొత్త ఫైలే. దానికి ఖాళీ అర దొరుకుతుంది. మన విద్యార్థి పెద్ద అక్షరాలు పోయింది ఇలాగే. అన్ని ఫైళ్లకూ ఒకే అర ఇస్తే మరో ఇబ్బంది. క్విజ్, ఎక్కాల పేజీ రెండూ ‘అక్షర పరిమాణం’ అనే పేరే వాడితే ఒకటి రాసినదాన్ని మరొకటి చెరిపేస్తుంది. అందుకే పేరుకు ముందు ‘క్విజ్’ అనో ‘ఎక్కాలు’ అనో చేర్చడం మంచిది.

ముఖ్యంగా గమనించవలసినది ఇది: మన ఎంపిక ఫైలులో లేదు, బ్రౌజరులో ఉంది. ఫైలును పెన్‌డ్రైవులో ఇంటికి తీసుకుపోయినా ఎంపికలు వెంట రావు. మరో బ్రౌజరులో కనబడవు. బ్రౌజరులోని సమాచారమంతా తుడిచేస్తే అవీ పోతాయి. ఇంకొక మాట. బడి కంప్యూటరులో ఒకే లాగిన్‌తో పదిమంది పనిచేస్తే ఆ అర పదిమందిదీ. అందులో పాస్‌వర్డుల వంటివి దాచకూడదు.

వెంట తీసుకుపోవాలంటే

అక్షరాల సైజు పోతే మళ్లీ పెట్టుకోవడానికి నిమిషం చాలు. ఏడాది పొడవునా రాసుకున్న నోట్సు పోతే? అటువంటి వాటిని బ్రౌజరు అరకు వదిలేయరాదు. పేజీలో ‘దాచు’, ‘తెరువు’ అనే రెండు బొత్తాలు పెట్టాలి. మొదటిది నొక్కితే సమాచారం చిన్న ఫైలుగా డౌన్‌లోడు అవుతుంది. రెండవది నొక్కి ఆ ఫైలును మనమే చూపిస్తే పేజీ దాన్ని చదువుకుంటుంది. ఎంచి ఇచ్చేది మనం కనుక కంచె చెక్కుచెదరదు.

2004లో జెరెమీ రస్టన్ తయారుచేసిన టిడ్లీవికీ మరో దారి పట్టింది. అందులో ప్రోగ్రాము, మనం రాసుకున్న నోట్సు అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంటాయి. దాచడమంటే నోట్సుతో సహా ఆ ఫైలును కొత్తగా రాయడమే. ఫైలు ఎక్కడికి పోతే నోట్సు అక్కడికి పోతుంది. 2020లో వచ్చిన క్రోమ్ 86 నుంచి, మనం ఎంచిన ఫైలులో మన అనుమతితో పేజీయే నేరుగా రాసే వీలు కూడా ఉంది.

చేసి చూడండి

ఎంపికలను గుర్తుంచుకునే హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒకటి సంపాదించండి. అక్షరాల సైజు మార్చి, పేజీ మూసివేయండి. తరువాత దాన్ని ఈ నాలుగు విధాలుగా తెరవండి:

1. ఉన్నచోటు నుంచే మళ్లీ.
2. పేరు మార్చి.
3. మరో ఫోల్డరులో పెట్టి.
4. మరో బ్రౌజరులో.

ప్రతిసారీ ఏం జరుగుతుందో ముందే ఊహించి పుస్తకంలో రాయండి. తరువాత జరిగినదానితో పోల్చండి. మీ బ్రౌజరు ఫైలుకు ఒక అర ఇస్తోందా, అన్నిటికీ కలిపి ఒకటే ఇస్తోందా? మీ ఫలితాలే జవాబు చెబుతాయి.