ఇడియమ్స్ బట్టీ పడితే ఉద్యోగం రాదు

ఇంటర్వ్యూలో బరువైన ఇంగ్లిష్ పదబంధాలు గుప్పిస్తేనే ఉద్యోగం వస్తుందని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. డిగ్రీ చివరి ఏడాదికి రాగానే పిల్లల్ని స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో చేర్చి, ఇడియమ్స్ పుస్తకం చేతిలో పెడుతున్నారు. ఆ నమ్మకం ఒట్టి అపోహ. దీనివల్ల డబ్బుతోపాటు పిల్లల ధైర్యం కూడా కరిగిపోతోంది.

‘మిక్స్ అండ్ మ్యాచ్’నే తీసుకోండి. వేర్వేరు రకాల నుంచి కావాల్సినవి ఎంచుకుని, ఒకదానికొకటి నప్పేలా కలుపుకోవడం దాని అర్థం. దుస్తులకు, ఫర్నిచర్‌కు, కోర్సులో ఎంచుకునే సబ్జెక్టులకు హాయిగా వాడొచ్చు. టీమ్‌లో అందరితో కలిసిపోతానని చెప్పాలనుకుని ‘ఐ మిక్స్ అండ్ మ్యాచ్ విత్ మై టీమ్’ అంటే మాత్రం తప్పు. అక్కడ ‘ఐ వర్క్ వెల్ విత్ మై టీమ్’ అంటే చాలు. కాగితాలు తారుమారైతే ‘మిక్స్‌డ్ అప్’ అనాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే ‘మిస్‌మ్యాచ్’ అనాలి. బట్టీ పుస్తకాల్లో అర్థం ఉంటుంది గానీ, ఏ సందర్భంలో, ఏ మాటల పక్కన వాడాలో ఉండదు. పిల్లలు తడబడేది అక్కడే.

పోటీ పరీక్షలకూ ఇడియమ్స్ బట్టీ సరిపోదు. ఎస్ఎస్‌సీ సీజీఎల్‌లో చాలా పోస్టులకు, బ్యాంకు పీఓకు ఏదైనా డిగ్రీ చాలు. సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ప్రతి తప్పుకు అర మార్కు కోత. ఇడియమ్స్ అందులో ఒక భాగం మాత్రమే. ఖాళీలు పూరించడానికైనా, తప్పులు పట్టడానికైనా వాక్యం అర్థం కావాలి.

‘30 రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తాం’ అనే ప్రకటనలు చూసి ఫీజంతా ఒకేసారి కట్టకండి. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, రోజూ ఒక్కొక్కరితో ఎంతసేపు మాట్లాడిస్తారు, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తారా అని ముందే అడగండి. సూటిగా జవాబు చెప్పకపోతే చేరకండి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవారు మీ మాటే వింటారు.

నా సలహా ఖర్చులేనిది. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక వార్త బిగ్గరగా చదవండి. కొత్త పదబంధం కనబడితే కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు చూడండి. తర్వాత మీ చదువు గురించో, ప్రాజెక్టు గురించో ఆ మాటతో సొంతంగా మూడు వాక్యాలు రాయండి. మీ ప్రాజెక్టును రెండు నిమిషాల్లో తేలిక మాటల్లో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ‘అంత ఫీజు పోసి చదివించాం, నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో మాట్లాడలేవా?’ అని చుట్టాల ముందు పిల్లల్ని నిలదీయకండి. తప్పులు మాట్లాడే చనువు ఇంట్లో దొరికిన పిల్లలే బయట ధైర్యంగా నోరు విప్పుతారు. దయచేసి ఆ చనువు ఇవ్వండి.